నల్లగొండ నీళ్లతో పగడాల ట్యాంకు: నీటి లెక్క తప్పితే ఎలా సరిచేసుకోవాలి

మా అమ్మది మర్రిగూడ వైపు పల్లె. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ బావి నీళ్ల గుర్తు ఇప్పటికీ ఆమె పళ్ల మీద గారగా ఉంది. నేను ఇంట్లో పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి ట్యాంకు పెట్టి, దానికోసం వడపోసిన నీళ్లు క్యాన్లలో నింపుతుంటే చూసి, "చేపలకు గింత మంచినీళ్లా బిడ్డా!" అన్నది. ఆ మాట నన్ను వదల్లేదు. మన జిల్లాలో మంచినీళ్ల విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఈ ట్యాంకు పెట్టుకున్నామంటే ఒక్క క్యాన్ వృథా కాకుండా, లోపల ఉన్న ఒక్క ప్రాణమూ మన పొరపాటు వల్ల పోకుండా చూసుకోవాలి. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

మీ ట్యాంకులో పగడాలు రెండు మూడు రోజులుగా విచ్చుకోవడం లేదనుకుందాం. ఇసుక మీద గోధుమరంగు పొర, అద్దం మీద నాచు, చేపలు ఒక మూలకు చేరాయి. అప్పుడు అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఏ మందు వేయాలా అని. ఏమీ వేయకండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం అది అత్యవసరం. ఈ వ్యాసం చివర అమ్మోనియా గురించి రాసిన భాగానికి నేరుగా వెళ్లండి. అలా లేకపోతే మీకు సమయం ఉంది. పగడాల ట్యాంకులో చెడు ఒక్క రోజులో జరగొచ్చు గానీ మంచి మాత్రం నెమ్మదిగానే జరుగుతుంది.

ముందు పోసే నీళ్లను పట్టుకోండి

ట్యాంకులోని నీళ్లను పరీక్షించే ముందు, ట్యాంకులోకి పోసే నీళ్లను పరీక్షించండి. నా అనుభవంలో మన దగ్గర సగానికి పైగా సమస్యలు ఇక్కడే మొదలవుతాయి.

మన ఇళ్లకు వచ్చేవి బోరు నీళ్లు, నల్లా నీళ్లు, కొనే బబుల్ క్యాన్లు. మన నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. అందుకే నల్లగొండలో ట్యాంకు పెట్టే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఫ్లోరైడ్ గురించే. ఇక్కడ ఒక విషయం తెలుసుకోండి. సముద్రపు నీటిలోనే సహజంగా లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీటికి మన దేశంలో పెట్టిన గరిష్ఠ పరిమితి 1.5. మన ఎముకలకు అంత హాని చేసిన ఫ్లోరైడ్, పగడాలకు అసలు సమస్య కాదు. బోరు నీళ్లలో పగడాలను ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: పొలాల ఎరువుల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి దిగే నైట్రేట్, రాళ్ల నుంచి వచ్చే సిలికా, ఇత్తడి నల్లాల నుంచి వచ్చే రాగి. రాగి చాలా కొద్ది మోతాదులోనే నత్తలను, రొయ్యలను చంపేస్తుంది.

1970ల్లో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) ఫ్లోరైడ్ తీసేయడానికి రూపొందించిన విధానానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, వడపోయడం అందులోని పని. తాగడానికి ఎంతో మేలు చేసిన పద్ధతి అది. కానీ పటిక వేసి తేర్చిన నీటిలో అల్యూమినియం కొంత మిగిలే అవకాశం ఉంటుంది. లెదర్ లాంటి మెత్తని పగడాలు దానికి ముడుచుకుపోతాయి. కాబట్టి తాగడానికి బాగున్న నీళ్లు ట్యాంకుకూ బాగుంటాయని అనుకోకండి.

మరి ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఇంటి ఆర్‌ఓ తాగే నీళ్ల కోసం చేసింది. చాలా మిషన్లలో వడపోసిన నీళ్లకు రుచి కోసం కొంత పచ్చి నీళ్లు కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ గానీ, ఖనిజాలు కలిపే మినరల్ కార్ట్రిడ్జ్ గానీ ఉంటుంది. ఆ మిషన్ నల్లాలోంచి పట్టి కొలిస్తే టీడీఎస్ 50, 80 అలా చూపిస్తుంది. మనకు కావాల్సింది సున్నా.

చేయాల్సిన పని ఇది. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు ఒకటి కొనండి. ఆర్‌ఓ రిపేరు చేసే మనిషిని పిలిచి, మెంబ్రేన్ (మిషన్‌లో నీళ్లను వడపోసే పొర) నుంచి బయటికొచ్చే పైపు దగ్గరే, అంటే మినరల్ కార్ట్రిడ్జ్‌కూ టీడీఎస్ కంట్రోలర్‌కూ ముందే, ఒక టీ జాయింటు వేయించండి. ఆ పైపును డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) నింపిన కార్ట్రిడ్జ్ గుండా పంపి క్యాన్‌లోకి వదలండి. ఇక మూడు చోట్ల కొలవండి. పచ్చి నీళ్లు 400 ఉండి, మెంబ్రేన్ తర్వాత 20 వస్తే మెంబ్రేన్ 95 శాతం పని చేస్తున్నట్టు. 90 శాతం కంటే తగ్గితే మార్చాల్సిందే. డీఐ తర్వాత 0 ఉండాలి. 1 దాటితే రెసిన్ అయిపోయిందని లెక్క. మిషన్ చాలాసేపు ఆగి ఉంటే మొదట వచ్చే నీళ్లలో టీడీఎస్ ఎక్కువగా ఉంటుంది. మొదటి ఐదు నిమిషాల నీళ్లు వేరే బకెట్‌లోకి పట్టండి, డీఐలోకి పంపకండి. రెసిన్ ఎక్కువ రోజులు వస్తుంది.

రెసిన్ గురించి నాకు బాగా నష్టం చేసిన సంగతి ఒకటి చెప్పాలి. రెసిన్ అయిపోయే దశలో మొట్టమొదట జారిపోయేది సిలికా. అది బలహీనంగా పట్టుకుని ఉంటుంది, పైగా టీడీఎస్ మీటరుకు సరిగా అందదు. మీటరు 0 చూపిస్తున్నా ఇసుక మీద గోధుమరంగు పొర రోజూ వస్తుంటే నేను రెండు నెలలు దీపాలు మార్చాను, ఇసుక కడిగాను, చేపలకు మేత తగ్గించాను. రెసిన్ మార్చి, నీళ్లు రెండు సార్లు మార్చాక ఆ పొర రావడం ఆగింది. రంగు మారే రెసిన్ కొనండి. మూడొంతుల్లో రెండు వంతుల రంగు మారిందంటే పూర్తిగా అయిపోయే దాకా చూడకుండా మార్చేయండి.

బోరు, నల్లా రెండూ ఉన్నవాళ్లు కృష్ణా నీళ్లు వచ్చే నల్లాకే మిషన్ పెట్టుకోండి. బోరు టీడీఎస్ 1,000 దాటితే మెంబ్రేన్ తర్వాత కూడా 50, 60 మిగులుతుంది, రెసిన్ నెలకే అయిపోతుంది, మెంబ్రేన్‌కు సున్నం పడుతుంది. నల్లా నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ ఉంటుంది కాబట్టి కార్బన్ ఫిల్టరు మాత్రం ఆరు నెలలకోసారి తప్పకుండా మార్చాలి. క్లోరిన్ కార్బన్‌ను దాటి వస్తే ముందు మెంబ్రేన్‌ను పాడుచేస్తుంది. బబుల్ క్యాన్లు కొనేవాళ్లు ప్రతి క్యాన్‌నూ కొలవండి. ఒకే ప్లాంటు నుంచి ఈ వారం 30, వచ్చే వారం 110 రావడం నేను చూశాను.

ఇంకో మాట. ఒక లీటరు మంచి నీటికి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ పోయే నీటిలో ఫ్లోరైడ్ ముందుకంటే చిక్కగా ఉంటుంది. ఇల్లు తుడవడానికి, బాత్రూముకు, వాకిలి కడగడానికి వాడండి. పశువులకు పెట్టకండి, వంటకు అసలే వద్దు.

ఉప్పు సరిగా ఉంటేనే మిగతా అంకెలకు అర్థం

ఉప్పుదనం కిలో నీటికి 35 గ్రాములు, అంటే 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) ఉండాలి. 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రతగా చూస్తే 1.026. ఇది తక్కువైతే కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేటు, బైకార్బొనేటు నిల్వ) అన్నీ తక్కువగా కనిపిస్తాయి, ఎక్కువైతే అన్నీ ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే ఏదైనా తేడా వస్తే మొదట దీన్నే చూడాలి.

ముల్లు తేలే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ను నమ్మకండి. కాంతి వంగే తీరును బట్టి ఉప్పుదనం చూపే రిఫ్రాక్టోమీటరు తీసుకోండి. దాన్ని ఆర్‌ఓ నీళ్లతో సున్నాకు సరిచేస్తే సరిపోదు, 35 దగ్గర సరిచేయాలి. దీనికి దొరికే ద్రావణం కొనొచ్చు, లేదా ఇంట్లోనే చేసుకోవచ్చు. 36.5 గ్రాముల శుద్ధమైన సోడియం క్లోరైడ్‌ను 963.5 గ్రాముల డీఐ నీటిలో కరిగిస్తే, ఆ నీళ్లు రిఫ్రాక్టోమీటరులో సరిగ్గా 35 చూపాలి. చూపకపోతే స్క్రూ తిప్పి అక్కడికి తేవాలి. నెలకోసారి చేస్తే చాలు.

ట్యాంకు కోసం మాత్రం రాళ్ల ఉప్పు, వంట ఉప్పు ఎట్టి పరిస్థితుల్లో వాడకండి. సముద్రపు ఉప్పే కదా అని కొందరు వాడారు. ఉప్పు మడుల్లో సోడియం క్లోరైడ్ గట్టిపడేలోపే కాల్షియం చాలావరకు కింద పేరుకుపోతుంది, మెగ్నీషియం ఆ తర్వాత మిగిలిన చేదు నీళ్లలోనే ఉండిపోతుంది. పగడాలకు కావాల్సిన రెండూ ఆ ఉప్పులో దాదాపు ఉండవు. ట్యాంకుల కోసం చేసిన మెరైన్ సాల్టే కొనండి. కలిపేటప్పుడు ముందు డ్రమ్ములో నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద కొంచెం కొంచెం నీళ్లు పోస్తే కాల్షియం అక్కడికక్కడే తెల్లగా గడ్డకడుతుంది, మళ్లీ కరగదు.

ఉప్పుదనం పెరిగిందనుకోండి. 200 లీటర్ల ట్యాంకులో రాళ్లు, ఇసుక పోను నికరంగా 170 లీటర్లే ఉంటాయి. అది 39 చూపిస్తే 35కు తేవడానికి దాదాపు 17 లీటర్ల ట్యాంకు నీళ్లు తీసి, అంతే డీఐ నీళ్లు పోయాలి. ఒకేసారి వద్దు. రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నాలుగు రోజులు చేయండి.

ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం

ఈ మూడింటి సంబంధం మన జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చాయ్ గిన్నె అడుగున, గీజర్ రాడ్ మీద తెల్లగా సున్నం పడుతుంది చూడండి, అదే సంగతి. నీటిలోని కాల్షియం, కార్బొనేటు కలిసి గట్టిపడి బయటికొస్తాయి. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేది ఆ సున్నంతోనే. మనకు కావాల్సింది అది పగడం ఒంట్లో, రాళ్ల మీద ఊదారంగు కోరలైన్ నాచులో, నత్త గుల్లలో జరగాలి. పంపు లోపల, హీటరు మీద జరగకూడదు. ఈ రెండింటికీ మధ్య కాపలా ఉండేది మెగ్నీషియం. పుట్టిన సున్నపు స్ఫటికాల మీద అది చేరి వాటిని పెరగనివ్వదు. మెగ్నీషియం తగ్గితే మీరు ఎంత కాల్షియం వేసినా పంపులకే పడుతుంది, పరీక్షలో అంకె పెరగదు. నెల రోజులుగా కాల్షియం వేస్తున్నా పెరగడం లేదని ఎవరైనా అంటే, మెగ్నీషియం చూశారా అనే నేను మొదట అడుగుతాను.

గమ్యాలు ఇవి: ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం), కాల్షియం 400 నుంచి 440 పీపీఎం (దాదాపు లీటరుకు అన్ని మిల్లీగ్రాములు), మెగ్నీషియం 1,250 నుంచి 1,350 పీపీఎం. అసలు సముద్రంలో ఆల్కలినిటీ 7 దగ్గర ఉంటుంది. ట్యాంకులో కొంచెం పైన ఉంచుకుంటే పొరపాటుకు కాస్త చోటుంటుంది. 7.5 దగ్గర నిలకడగా ఉన్న ట్యాంకు, 7కూ 11కూ మధ్య ఊగే ట్యాంకు కంటే ఎంతో మేలు.

సరిచేసే వరుస: మొదట మెగ్నీషియం, తర్వాత ఆల్కలినిటీ, చివర కాల్షియం.

100 లీటర్ల నికర నీటికి లెక్క చెబుతాను, మీ ట్యాంకుకు తగ్గట్టు గుణించుకోండి. ఆల్కలినిటీ 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాముల వంట సోడా కావాలి. కిరాణా కొట్టులో దొరికే శుద్ధమైన వంట సోడా చాలు, బేకింగ్ పౌడర్ వేరు, అది వద్దు. కాల్షియం 10 పీపీఎం పెంచడానికి 3.7 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్. మెగ్నీషియం 10 పీపీఎం పెంచడానికి 8.4 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్. చెంచాతో కొలవకండి, గ్రాముల త్రాసు కొనండి. ప్రతిదాన్నీ విడిగా డీఐ నీళ్లలో కరిగించి, నీటి ప్రవాహం బలంగా ఉన్న చోట సన్నగా పోయాలి. కాల్షియం క్లోరైడ్ కరిగేటప్పుడు గిన్నె వేడెక్కుతుంది, చూసుకోండి. సోడా పోసిన వెంటనే కాల్షియం పోయకండి. రెండూ అక్కడే కలిసి నీళ్లు తెల్లగా మంచు కురిసినట్టు అయిపోతాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

170 లీటర్ల నీటిలో ఆల్కలినిటీ 6.5 ఉంది, 8కి తేవాలి అనుకుందాం. తేడా 1.5. మూడు గ్రాములను 1.5తో, మళ్లీ 1.7తో గుణిస్తే 7.6 గ్రాములు. రోజుకు 1 డీకేహెచ్‌కు మించి పెంచకూడదు కాబట్టి దాన్ని రెండు రోజులుగా, రోజుకు 3.8 గ్రాముల చొప్పున వేయాలి. రెండో రోజు వేసే ముందు మళ్లీ పరీక్షించాలి. లెక్క ప్రకారం పెరగకపోతే మీ ట్యాంకులోని నీటి అంచనా తప్పు, లేదా సున్నం ఎక్కడో పడుతోంది.

ఇప్పుడు రోజువారీ ఖర్చు తెలుసుకోవాలి. మూడు రోజులు ఏమీ వేయకుండా, రోజూ ఒకే సమయానికి ఆల్కలినిటీ కొలవండి. 8.6 నుంచి 7.7కు దిగితే రోజుకు 0.3 ఖర్చు. ఆ మేరకు సోడా రోజూ వేస్తే చాలు. సున్నం కట్టినప్పుడల్లా 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీకి 20 పీపీఎం కాల్షియమే ఖర్చవుతుంది. అందుకే ఆల్కలినిటీ ముందు పడిపోతుంది, కాల్షియం చాలా ఆలస్యంగా తగ్గుతుంది. రోజూ కాల్షియం పరీక్ష పెట్టి టెన్షన్ పడక్కర్లేదు, రెండు వారాలకోసారి చాలు. ఆల్కలినిటీ మాత్రం వారానికి రెండు సార్లు చూడండి.

కాల్షియం, ఆల్కలినిటీ రెండింటినీ కలిపి ఇచ్చే పాత పద్ధతి సున్నపు తేట. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను లీటరు డీఐ నీటికి గ్రామున్నర చొప్పున కలిపి, మూతపెట్టి, తేరిన తర్వాత పైనున్న తేట మాత్రమే, ఆవిరైన నీటికి బదులుగా రాత్రి పూట చుక్క చుక్కగా పడేలా పెట్టాలి. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఒక మగ్గు ఒకేసారి పోస్తే ట్యాంకు పోతుంది. తాంబూలంలోకి వాడే సున్నం, గోడల సున్నం వాడకండి, వాటిలో ఇంకేం కలిసి ఉంటాయో చెప్పలేం. పొడి కంట్లో పడకుండా, పిల్లలకు అందకుండా చూడండి.

మెత్తని పగడాలే ఉన్న ట్యాంకుకు ఇదంతా తరచుగా అవసరం పడదు. నా దగ్గర జోయాంతిడ్లు, మష్రూమ్‌లు, లెదర్లు మాత్రమే ఉన్నాయి. వారానికి పది శాతం నీళ్లు మారిస్తే చాలా నెలలు సోడా డబ్బా తెరవాల్సిన పని రాలేదు. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసినవి ఎవరు అమ్మినా కొనకండి. లైవ్ రాక్ పేరుతో అమ్మేది కూడా చాలాసార్లు పగడపు దిబ్బ నుంచి విరిచిందే. సిరామిక్ రాళ్లు వాడండి, నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటి మీద బాక్టీరియా చక్కగా స్థిరపడుతుంది.

పీహెచ్ గురించి తక్కువ ఆలోచించండి

7.9కూ 8.4కూ మధ్య ఉంటే వదిలేయండి. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉండటం సహజం. ఆల్కలినిటీ బాగుండి పీహెచ్ 7.8కు పడిపోతే కారణం దాదాపు ఎప్పుడూ గదిలోని గాలే. మే నెలలో కిటికీలన్నీ మూసి ఏసీ వేసుకుంటాం, నలుగురు మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటిలోకి చేరుతుంది. ఒక గ్లాసు ట్యాంకు నీళ్లు ఆరుబయట పెట్టి, గాలి పంపుతో గంట సేపు బుడగలు పంపి చూడండి. పీహెచ్ పెరిగితే గదిలోకి గాలి రానివ్వడమే మందు. కూలరు వాడే ఇళ్లలో కిటికీ తెరిచే ఉంటుంది కాబట్టి ఈ సమస్య తక్కువ. పీహెచ్ పెంచే పొడులు కొని పోస్తే ఆల్కలినిటీ ఎక్కడికో పోతుంది.

నైట్రేట్, ఫాస్ఫేట్

నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం ఉంటే మంచిది. రెండూ సున్నాకు తేవాలని పట్టుదల పెట్టుకోకండి. పగడాలకు అవి తిండి కూడా. రెండూ సున్నా అయిన ట్యాంకుల్లో బుడగలతో జిగురుగా సాగే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు వచ్చి పడతాయి, వాటిని వదిలించుకోవడం మామూలు నాచు కంటే చాలా కష్టం.

పెరిగితే ముందు మేత చూడండి. గడ్డకట్టిన మేతను జల్లెడలో వేసి డీఐ నీళ్లతో కడిగి వేయండి. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. తర్వాత నీళ్ల మార్పిడి. ఇందులో చాలామంది లెక్క తప్పుతారు. పది శాతం నీళ్లు మారిస్తే నైట్రేట్ తగ్గేది పది శాతమే. 40 ఉన్నది 36 అవుతుంది. అలా పదిసార్లు చేసినా, మధ్యలో కొత్తగా ఏమీ చేరకపోయినా, 14 మిగులుతుంది. బాగా పెరిగిపోతే రెండు రోజులకోసారి 20 శాతం చొప్పున కొన్నిసార్లు మార్చాలి, కొత్త నీళ్ల ఉప్పుదనం, వేడి పాత నీళ్లతో సరిపోవాలి. ఫాస్ఫేట్ కోసం ఐరన్ ఆక్సైడ్ గుళికలు పెడితే చెప్పిన మోతాదులో సగంతోనే మొదలుపెట్టండి. ఒక్కసారిగా ఫాస్ఫేట్ లాగేస్తే పగడాలు రంగు కోల్పోతాయి.

ఎండాకాలం

మన దగ్గర ఎండ 44, 45కు చేరే రోజుల్లో నీటి కెమిస్ట్రీ అంతా వేడి చుట్టూ తిరుగుతుంది. ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 30 దాటి కొన్ని రోజులుంటే పగడాలు తెల్లబడతాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది, చేపల అవసరమేమో పెరుగుతుంది.

నీళ్లను చల్లబరిచే చిల్లరు మిషన్ పెట్టుకోలేని వాళ్లకు ఫ్యాను మంచి సాధనం. మన ఏప్రిల్, మే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదుగా గాలి వీస్తే రెండు మూడు డిగ్రీలు సులభంగా తగ్గుతుంది. కుండలో నీళ్లు చల్లబడేది ఇలాగే. కానీ తగ్గిన ప్రతి డిగ్రీకీ నీళ్లు ఆవిరవుతాయి. మా 200 లీటర్ల ట్యాంకుకు మే నెలలో రోజుకు ఐదు లీటర్లు పోతాయి. రెండు రోజులు పట్టించుకోకపోతే 170 లీటర్లు 160 అవుతాయి, 35 ఉన్న ఉప్పుదనం 37 దాటుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. అందుకని ఆ లోటును ఎప్పుడూ ఉప్పు లేని డీఐ నీళ్లతోనే నింపాలి. మొదటి ఎండాకాలం నేను ఉప్పు నీళ్లు పోశాను. వారానికి ఉప్పుదనం 40కి చేరింది. రెండు రొయ్యలు, ఒక జోయాంతిడ్ గుత్తి పోయాయి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద మొదట ఉండాల్సింది నీటిని కదిలించే వేవ్‌మేకర్. అదీ లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు. దీపాలు, స్కిమ్మరు (నురుగుతో మలినాలు తీసే పరికరం) లేకపోయినా ఒక పూట గడుస్తుంది. మూత బిగించిన ఐస్ సీసాలు నీటిలో తేలేయొచ్చు. విడి ఐసు వేయకండి, అది ఏ నీళ్లతో చేశారో తెలియదు. టెస్ట్ కిట్లు కూడా వేడికి పాడవుతాయి. ఎండలో తిరిగి వచ్చిన పార్సిల్‌లోని కిట్టు వింత అంకె చూపిస్తే, కొత్త కిట్టుతో సరిచూసుకునే దాకా ఏ మందూ వేయకండి.

అమ్మోనియా కనిపిస్తే

ఇదొక్కటే తొందరపడాల్సిన సందర్భం. నిలకడగా ఉన్న ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. కనిపించాయంటే ఏదో చచ్చి రాళ్ల వెనక ఉంది, లేదా ఫిల్టరులో బాక్టీరియా చచ్చింది. సముద్రపు నీటి పీహెచ్ ఎక్కువ కాబట్టి మంచినీటి ట్యాంకులో కంటే ఇక్కడ అమ్మోనియా విషం ఎక్కువ. మేత ఆపేయండి. చచ్చినదాన్ని వెతికి తీసేయండి. ఉప్పుదనం, వేడి సరిచూసిన నీళ్లతో 30 నుంచి 50 శాతం మార్చండి. గాలి పంపు పెట్టండి. కొత్త యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టండి, అది అమ్మోనియాను తీయదు గానీ చచ్చిన జీవి వదిలిన ఇతర విషాలను కొంత పీలుస్తుంది. మర్నాడు మళ్లీ కొలిచి, అవసరమైతే మళ్లీ మార్చండి. ఇలాంటప్పుడు పనికొచ్చేలా కలిపిన ఉప్పు నీళ్లు 40 లీటర్లు ఎప్పుడూ ఒక డ్రమ్ములో సిద్ధంగా ఉంచుకోండి.

పరీక్షలో అమ్మోనియా లేకపోయినా రొయ్యలు వరుసగా చస్తుంటే, ఆ గదిలో దోమల లిక్విడ్ గానీ స్ప్రే గానీ వాడుతున్నారేమో చూడండి. వాటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు, రొయ్యలకు చాలా విషం. ట్యాంకున్న గదిలో దోమతెరే వాడాలి.

ఊరికి వెళ్లేటప్పుడు

పెళ్లికో జాతరకో నాలుగు రోజులు వెళ్లాల్సి వస్తే వెళ్లే ముందు రోజు కొత్తగా ఏమీ మార్చకండి, ఏ మందూ మొదలుపెట్టకండి. సంపు (ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టి) అద్దం మీద నీళ్లు ఉండాల్సిన మట్టం దగ్గర మార్కరుతో ఒక గీత గీయండి. డీఐ నీళ్లకు ఒక రంగు (మా ఇంట్లో నీలం) క్యాను, ఉప్పు నీళ్లకు వేరే రంగు క్యాను పెట్టి, పెద్ద అక్షరాలతో రాయండి. మేతను రోజుకొకటి చొప్పున చిన్న డబ్బాల్లో పెట్టి మిగతాది కనపడకుండా దాచండి. మా ఇంట్లో ట్యాంకు పక్కన గోడకు అతికించిన కాగితం మీద మూడే మాటలున్నాయి: నీలం క్యాను, గీత దాకా, పొద్దున. నేను లేనప్పుడు అమ్మే పోస్తుంది. నీళ్లు గీత దాటకుండా వంగి చూస్తూ, మగ్గుతో కొంచెం కొంచెంగా పోస్తుంది. ఆ నాలుగు రోజుల తర్వాత వచ్చి కొలిస్తే ఉప్పుదనం 35 దగ్గరే ఉంటుంది.